మగ్గం ముట్టి వేసిన ఒట్టు

మా తమ్ముడు తిరుపతయ్య మంచోడు. గద్వాలల ఏ మగ్గాల వీధికి పోయి అడిగినా ఈ మాటే చెప్తరు. నేనూ చెప్త. తాగడు, పత్తాలాడడు, పెండ్లాం మీద చెయ్యెత్తడు, ఒకని సొమ్ముకు ఆశపడడు. గా మంచితనమే వాని కొంప ముంచింది. చెడ్డోడైతే ఎవరన్న నాలుగు తిట్టి దారికి తెద్దురు. మంచోనికి బుద్ధి చెప్పేటోళ్లెవరు? వాడు చేసేదంత మంచే అని వానికీ నమ్మకం, ఊరికీ నమ్మకం.

నేను వాని అక్కను, జోగమ్మను. మా ఆయన శంకరయ్య పోయినప్పటి సంది తమ్ముని ఇంటి పక్క అర్రల ఉంటున్న. పొద్దుగాల లేస్తే వాని మగ్గానికి నూలు కండెలు చుట్టుడే నా పని. నా నోట్ల నువ్వుగింజ నానదని మా అమ్మ అంటుండె. నిజమే. గందుకే ఈ ముచ్చట గూడ చెప్తున్న, లోపట పెట్టుకొని పెట్టుకొని నాకే బరువైతుంది.

గద్వాల చీర నేసుడు ఒక్కని పని కాదు. ఒడలంత నూలు, అంచు పట్టు. పోగును అటూ ఇటూ తీస్కపోయే నాడెలు రెండింటికి వేరే వేరే. అవి కలిసే కాడ పోగును పోగుతోటి మెలేసుకుంట పోవాలె. మగ్గం గుంటల కాళ్లు పెట్టుకొని మొగుడు కూసుంటే, పక్కకు పెండ్లాం కూసోవాలె. ఆయన ఇటు ఇసిరితే ఆమె అంచు నాడె అందుకోవాలె. ఇద్దరి మధ్య మాటలు బందైతే అంచు కాడ కన్నాలు పడ్తయని మా వీధిల అంటరు. తిరుపతయ్య, సుమన నేసిన చీరల ఎన్నడూ కన్నం పడలె.

సుమనది వనపర్తి దిక్కు, పెద్దమందడి. వచ్చిన కొత్తల నాడె పట్టుడు రాకుండె. చూస్తుండంగనే నేర్చుకున్నది. నేసినంతసేపు ఇద్దరు ఏదో ఒకటి మాట్లాడుకుంటనే ఉంటుండ్రి. మాటలు అయిపోతే ఆమె కూనిరాగం తీస్తుండె, వాడు ఆ రాగానికి కాలు తొక్కుతుండె. చూసి నేను కుళ్లుకుంటుంటి గూడ. నా కాపురంల గట్లాంటి ముచ్చట నేనెరుగ.

వాళ్ల మొదటి బిడ్డ ప్రియ. బిడ్డ పుట్టిందని తెలిసిన పొద్దు మా తమ్ముడు వీధంత లడ్డూలు పంచిండు. ఆడపిల్లకు గింత సంబురమా అని ఒక ముసలామె మూతి తిప్పితే, ఆమె చేతుల ఇంకో లడ్డు పెట్టి, ఇది నోరు మూసుకునేటందుకు అన్నడు. గట్లాంటోడు.

మా వీధి చివర సుదర్శన్ ఉంటడు. వరుసకు మా తమ్మునికి బావ. ఆయనకు ఇద్దరు ఆడపిల్లలు. మూడోసారి పెండ్లాం కడుపుతోటి ఉంటే, బస్సెక్కించి ఏటవతల ఏదో టౌనుకు తీస్కపోయిండు. వట్టి కడుపుతోటి తీస్కొచ్చిండు. మల్లేడు గూడ గట్లనే చేసిండు. రెండోసారి ఆ పిల్ల మంచం పట్టింది, మల్ల మనిషి లెక్క తిరిగేసరికి చానా రోజులు పట్టింది. సంగతేందో వీధిల అందరికి తెలుసు. ఎవ్వరూ నోరు తెర్వలె.

తెరిచింది మా తమ్ముడే. ఒక పెండ్లిల బంతికి కూసున్నప్పుడు సుదర్శన్ వచ్చి వీని పక్క విస్తరి ముందట కూసున్నడు. వీడు లేచి నిలబడ్డడు. ఆడపిల్ల అని మెషిన్ల చూసి కడుపు తీపిచ్చినోని పక్కకు కూసోని నేను తినను అని అందరి ముందటనే అన్నడు. లొల్లి లొల్లి అయింది. సుదర్శన్ గూడ తక్కువోడు కాదు. రేపు నీ పెండ్లానికి రెండో కాన్పు రానియ్యి, నువ్వు గూడ ఆ స్కానింగు కాడ లైన్ల నిలబడకపోతే నన్నడుగు అన్నడు.

ఆ మాట వీనికి తగిలింది. ఇంటికొచ్చి, ఎంటబడి వచ్చిన పెద్దమనుషుల ముందట మగ్గం ముట్టి ఒట్టేసిండు. ఏది పుట్టినా నాకు సమానమే, నా ఇంటి ఆడది ఆ మెషిన్ కాడికి పోదు అని. మా నేతగాండ్లకు మగ్గం ముట్టి వేసిన ఒట్టంటే ఇగ తిరుగులేదు. తప్పితే చేతుల నాడె నిలువదంటరు. పెద్దమనుషులు వాని భుజం తట్టి పోయిండ్రు. సుమన అప్పుడు పొయ్యి కాడ రొట్టెలు చేస్తుండె. పోయేది ఆమె, ఒట్టేసింది వాడు. ఆమెను ఎవ్వరూ అడగలె.

మా ఊర్ల సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చేతులకు వస్తున్న ఏడు, సుమన మల్ల నీళ్లు పోసుకున్నది. మా వీధులకు తిరిగే నర్సు పేరు నవనీత. మంచి పిల్ల, ఎండనక వాననక వస్తుండె. మూడో నెల నిండకముందే ఒకసారి స్కానింగు తీపిచ్చుకోవాలె అని చెప్పింది. పిండం ఉండాల్సిన కాడ ఉన్నదా, ఒకటా రెండా, గుండె కొట్టుకుంటున్నదా, తల వెన్ను సక్కగున్నయా, ఇవి చూస్తరట. ఐదో నెలల ఇంకోసారి చూస్తరట. దవాఖానల డాక్టరమ్మ గూడ గదే చెప్పింది.

సూదులు వెయ్యుర్రి, గోళీలు ఇయ్యుర్రి, గా మాట మాత్రం మా ఇంట్ల తియ్యొద్దు మేడం అని తిరుపతయ్య రెండు చేతులు జోడిచ్చిండు. ఆమె ఇంకా ఏందో చెప్పబోయింది. వాడు మొకం కడుక్కునే సాకుతోటి పెరట్లకు పోయిండు. వాడు వస్తడేమోనని ఆమె నిలబడి నిలబడి పోయింది. ఆమె చెప్పబోయిన మాటేందో జర ఆగి విని ఉంటే, ఇయ్యాల నేను ఈ కథ చెప్పకపోదును.

స్కానింగు సెంటరు మా నూలు దుకాండ్ల బజార్లనే ఉంటుండె. గోడ మీద పెద్ద బోర్డు, ఇక్కడ ఆడ మగ చెప్పబడదు అని. ఆ బోర్డు సంగతి యాది చేస్తిని వానికి. దొంగ ఇంటి ముందట ఇక్కడ దొంగతనం చెయ్యం అని రాసుకున్నట్టున్నది అక్కా అని నవ్విండు. బజార్ల కూసున్నోళ్లు ఎవరు ఆ మెట్లెక్కినా చూస్తుండ్రి, సాయంత్రానికి వీధంత తెలుస్తుండె. మొదట ఆడపిల్ల ఉన్నోళ్లు ఎక్కితే ఇగ చెప్పనే అక్కరలేదు. చూసినోళ్లు ఏమనుకుంటరో గదే వాని కడుపుల భయం. పైకి మాత్రం ధర్మం.

సుమన ఒక్కసారి అడిగింది. ఐదో నెల నడుస్తుండె. నేను పక్కకే కండెలు చుట్టుకుంట కూసున్న. ఆమె నాడె అందుకొని మల్ల ఇయ్యకుండ చేతులనే పట్టుకున్నది. ప్రియ కడుపులున్నప్పుడు గిట్ల లేకుండె, కడుపుల ఏందో వేరే తీరుగున్నది, నాకు భయమైతుంది, ఒక్కసారి చూపిచ్చుకొని వస్త అన్నది.

వాడు నవ్వుకుంటనే అన్నడు, "ఏం, నీకు గూడ కొడుకే కావాల్నా ఏంది?"

గా ఒక్క మాటతోటి ఆమె నోరు కుట్టేసిండు. ఏం జవాబు చెప్తది? అవునంటే పాపపుది అయితది. కాదంటే మరి భయమెందుకే అంటడు. నాడె వాని చేతుల పెట్టింది, తల వంచుకొని నేసింది. మల్ల ఆ మాట ఎత్తలె. నాకు కోపమొచ్చింది. ఆమె అడిగేది ఒకటి, నువ్వనేది ఒకటిరా అని ఆమె లోపటికి పోయినంక అడ్డమడ్డం తిట్టిన. ఒట్టు తప్పితే సుదర్శన్‌కు నాకు ఫరకేమున్నది అక్కా అన్నడు. చెవిటోని ముందట శంఖమూదినట్టయింది.

నెలలు పెరిగిన కొద్ది సుమన కడుపు మస్తు పెద్దగయింది. ఏడో నెలలనే నిండు నెలల లెక్క కనవడుతుండె. వీధిల ఆడోళ్లు చూసి కవలలు అన్నరు. మా తమ్ముని సంబురం చూడాలె! మా ఇండ్లల్ల ఒక పద్ధతి ఉన్నది. ఇంట్ల ఆడది కడుపుతోటి ఉంటే, పడుగు చివర మిగిలే కొసను పారెయ్యరు. గా కొస మీదనే పుట్టబోయే బిడ్డకు ఉయ్యాల గుడ్డ నేస్తరు. వాడు రెండు గుడ్డలు నేసిండు, ఎర్రంచువి. అంచు నాడె సుమననే ఇచ్చింది. ఇచ్చుకుంటనే కడుపు మీద చెయ్యి పెట్టుకొని లోపటి బిడ్డకు పాట పాడుతుండె. బిడ్డ కదులుతనే ఉండె. కదిలే బిడ్డను మోసే తల్లికి ఏం చెప్పి భయపెడతం? నేనూ ఊకుంటి.

నెలలు నిండినంక ఒక పొద్దు తెల్లారంగ నొప్పులు మొదలైనయ్. 108 బండిల దవాఖానకు తీస్కపోతిమి. కడుపు గంత పెద్దగున్నది ఉమ్మనీరు తోటేనట, అది చానా పోయింది, ఎనక నెత్తురు ఆగలె. సుమనకు తెలివి తప్పింది. పుట్టింది ఒక్కతే, ఆడబిడ్డ. నవనీత బయటికొచ్చి నా చెయ్యి పట్టుకొని లోపటికి తీస్కపోయింది.

నేను చూసిన. కండ్లు, ముక్కు, నోరు అన్నీ సుమనవే. కనుబొమల పైన పుర్రె లేదు. గంతకన్న నన్నడగొద్దు. నా వేలు పెడితే పట్టుకున్నది. జరంత సేపు ఊపిరి తీసి తీసి విడిచిపెట్టింది.

డాక్టరమ్మ మా తమ్ముని కూసోబెట్టి చెప్పింది. ఇది ఎవ్వరి పాపం కాదు, శాపం కాదు, కడుపుల పడ్డ మొదటి నెలల్లనే తల మూసుకోకుండ ఉండిపోతది, ఎందుకో చానాసార్లు మాకూ తెల్వదు అన్నది. మల్ల బిడ్డను అనుకుంటే, నెల తప్పకముందు నుంచే ఫోలిక్ గోళీలు వెయ్యాలె, చానామటుకు రాకుండ ఆపుతయి అన్నది. మూడో నెల స్కానింగులనే ఇది కనవడుతుండె, అప్పుడే తెలిసి ఉంటే ఏం చేద్దమో మీరిద్దరు, మేము కూసోని ఆలోచించుకుంటుంటిమి, ఈమె పానం మీదికి రాకుండ ముందే జాగ్రత్త పడుతుంటిమి అన్నది. తిట్టలె. తిట్టినా బాగుండు.

తిరుపతయ్య నేల దిక్కే చూసుకుంట, మగ్గం ముట్టి ఒట్టేసిన మేడం, ఆడో మగో చూసే మెషిన్ కాడికి పోనియ్యనని ఒట్టేసిన అని గొణిగిండు. నవనీత పక్కకే నిలబడి ఉండె. పాపం ఆమె గూడ ఏడుస్తుండె.

"అన్నా, నేను ఆ పొద్దు గదే చెప్పబోతి," అన్నది. "మూడో నెల స్కానింగుల ఆడో మగో చెప్పేటందుకే రాదు."

వాడు గోడకు తల ఆనిచ్చిండు.

గప్పుడన్న బుద్ధి రావాలె గదా. రాలె. సుమన ఇంకా మత్తులనే ఉండె. ఆమెకు బిడ్డను చూపియ్యొద్దు, చూస్తే తట్టుకోదు అన్నడు. నేను దవాఖాన అని గూడ చూడకుండ కొట్లాడిన. తొమ్మిది నెలలు మోసినామెరా, తట్టుకుంటదో లేదో ఆమెను అడుగు, ఇంకెన్నిసార్లు ఆమె దిక్కుకెల్లి నువ్వే చెప్తవు అన్న. వినలె. ఆమె మంచికే అక్కా అన్నడు. మల్ల మంచే! ఎర్రంచు గుడ్డల చుట్టి తీస్కపోయి మన్ను చేసి వచ్చిండు. సుమన కండ్లు తెరిచి బిడ్డేది అని అడిగితే, పానం లేకుండనే పుట్టింది అని చెప్పిండు. తల సంగతి ఆమెకు వీధి ఆడోళ్ల నోటెంట తెలిసింది. వాళ్ల నోట్ల మన్నువడ, చూసినట్టే చెప్పిండ్రు, వీధి ఆడోళ్లల్ల చూసింది నేను ఒక్కదాన్నే. నా కాడికొచ్చి నిజమా వదినె అని అడిగింది. నిజమే అన్న. మొకం ఎట్లుండె అని అడిగింది. నీ లెక్కనే ఉండె అన్న.

బాలింత దినాలు గడిచినంక సుమన మల్ల మగ్గం కాడికొచ్చి కూసున్నది. వాడు ఇసిరితే అందుకుంటది, మల్ల ఇస్తది. మాట లేదు, రాగం లేదు. అన్నం పెట్టిన అని చెప్పుటానికి గూడ ప్రియను తోలుతుండె, నాయినను పిలువుపో అని. ఆ ఏడు మొదటిసారి మా తమ్ముని చీరను, చీరలు కొనే సేటు ఎనక్కి పంపిండు. ఇప్పి చూస్తే అంచు పొడుగూత కన్నాలు. వాడు చీరను ఒళ్లె పెట్టుకొని ఒక్కొక్క కన్నంల వేలు పెట్టి చూసుకుంట కూసున్నడు. నేను చూడలేక లోపటికి పోయిన.

వాడు గప్పటి సంది మారిండు. ఎవరింట్ల లొల్లైనా పంచాయితీకి పిలిస్తే పోడు. ఎవడన్న నువ్వు చెప్పు తిరుపతయ్యా, నువ్వు న్యాయస్తునివి అంటే లేచి పోతడు. నవనీత ఇచ్చిన గోళీలు మాత్రం దినాం పొద్దూకంగ మంచినీళ్ల గిలాసతోటి తీస్కపోయి సుమన పక్కకు పెడతడు. ఆమె వేసుకుంటది. గిలాస వానికి ఇయ్యదు, కింద పెడతది.

మాటలు లేకున్నా కాపురం ఆగలె, ప్రియ మూడో తరగతికొచ్చిన ఏడు సుమనకు మల్ల నెల తప్పింది. ఈసారి వాడే సైకిలేసుకొని పోయి నవనీతకు చెప్పొచ్చిండు. ఏ పొద్దు రమ్మంటే ఆ పొద్దు వస్తమన్నడు. పోయే పొద్దు తానం చేసి మగ్గం కాడికి పోయి, పోగులను దగ్గరికి కొట్టే పలక మీద చెయ్యి పెట్టి ఏందో అనుకున్నడు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టిండో, తప్పైందని మొక్కిండో నాకు తెల్వదు. గా ఎనక, బజారు నడిమిట్లకెల్లి, అందరు చూస్తుండంగ, పెండ్లాన్ని తీస్కొని ఆ మెట్లెక్కిండు. సుమన నా చెయ్యి ఇడువకపోయేసరికి నేను గూడ పోయిన.

బయట బెంచీ మీద కూసున్నమో లేదో, ఎదురుంగ నూలు దుకాండ్లకెల్లి సుదర్శన్ దిగొచ్చిండు. కండ్లల్ల ఎంత సంబురమో వానికి. ఏం బామ్మర్దీ, లైన్ల కూసుంటివా, నేను చెప్పలే, కొడుకు మీద ఆశ ఎవనికుండదు అన్నడు. బెంచీల మీదున్నోళ్లు మా దిక్కు చూసిండ్రు, ఎవరో నవ్విండ్రు. నా ఒళ్లు మండింది. వాన్ని కడిగిపారేద్దమని లేచిన. తిరుపతయ్య నా కొంగు పట్టి గుంజి కూసోబెట్టిండు. సుదర్శన్ నవ్వుకుంట పోయిండు.

ఉన్న సంగతి వాని మొకాన చెప్పొచ్చు గదరా, ఎందుకు పడ్తవు అని పండ్లు కొరుక్కుంట అడిగిన.

"చెప్తే నేను మల్ల మంచోడినైత అక్కా," అన్నడు. "మంచోడు అనిపిచ్చుకునేటందుకే గదా గింత చేసిన."

గంతల్నే లోపటికి పిలిచిండ్రు.

చిన్న అర్ర. పర్దాలేసి చీకటి చేసిండ్రు. సుమన పడుకున్నది. ఆ సెంటరు డాక్టరమ్మ కడుపు మీద ఏందో సల్లటిది రాసి మెషిన్ పెట్టి తిప్పుతుంటే, పక్కకు టీవీ లెక్క ఉన్న దాండ్ల మబ్బు మబ్బుగ కనవడుతుండె. జరసేపటికి ఆమె వేలు పెట్టి చూపిచ్చింది. గిది గుండె, కొట్టుకుంటుంది చూడమ్మా. గిది వెన్ను. గిది తల, సక్కగ మూసుకున్నది, భయమేం లేదు అన్నది. నేను అమ్మా జమ్ములమ్మా అని చేతులెత్తి మొక్కిన. సుమన కండ్లు ఆర్పకుండ గా తల దిక్కే చూస్తుండె.

మా తమ్ముడు మాత్రం తలుపు దిక్కు తిరిగి నిలబడ్డడు. మెషిన్ దిక్కు చూస్తలేడు. భుజాలు కదులుతున్నయ్.

"ఇటు తిరుగు," అన్నది సుమన.

బిడ్డ పోయినప్పటి సంది ఆమె వానితోటి ఎదురుంగ మాట్లాడుడు నేను విననే లేదు. వాడు గూడ నమ్మలేక తల తిప్పిండు. ఆమె వాని దిక్కు చూడలె. మెషిన్ దిక్కే చూసుకుంట, మెల్లగ, కోపం లేకుండ చెప్పింది.

"దాన్ని కన్నంక గూడ నాకు చూపియ్యకపోతివి. అప్పుడు ఈడికి తోలుకొచ్చి ఉంటే, గీ టీవీలనన్న నా బిడ్డను చూసుకుంటుంటి."

డాక్టరమ్మ చెయ్యి ఆగింది. మా తమ్ముడు మంచం కోడు పట్టుకొని కింద కూసున్నడు. సుమన చెయ్యి చాపి వాని తలను ఆ టీవీ దిక్కు తిప్పింది. వాడు చూసిండు. నేనూ చూసిన. తల గుండ్రంగ, తెల్లగ కనవడుతుండె. సుమన ఒక్కతే కండ్లు మూసుకున్నది.